పైకి పంపించమన్న మాట

మా ఆడపడుచుని ఇప్పుడు లోకమంతా పెద్ద లాయరంటుంది. ఏ దేశంలో ఎవర్ని పట్టుకెళ్ళి మాయం చేసినా ముందు ఆవిడకే ఫోన్ వెళుతుంది. ఆవిడ టీవీలో మాట్లాడుతుంటే కింద పేరు, పేరు వెనక తోకలా హోదాలూ పరిగెడతాయి. ఇంట్లో మాత్రం దాని పేరు పేచీ. పుట్టినప్పుడు పెట్టిన పేరు వేరే ఉంది. మాటలొచ్చిన దగ్గర్నుంచీ ప్రతిదానికీ పేచీ పెడుతుంటే విసుగెత్తి మా అత్తగారే ఆ పేరు ఖాయం చేశారు. నేను కాపురానికొచ్చేసరికి ఆ ఇంట్లో అసలు పేరు పిలిచేవాళ్ళే లేరు.

నన్ను మొట్టమొదట చూసినప్పుడే నిలదీసింది. "మా అన్నయ్యలో ఏం చూసి ఒప్పుకున్నావు?"

"మాట మీద నిలబడే మనిషని."

"ఏ మాట మీద?"

పక్కనే మా ఆయన పడీ పడీ నవ్వాడు. ఈ గయ్యాళితో ఒకే కప్పు కింద ఎలా బతకాలిరా దేవుడా అనుకున్నాను. బతికాను. రోజూ పోట్లాడుకుంటూనే బతికాం. నేను గిన్నెలు కడిగితే జిడ్డు వదల్లేదనేది, నేను దాని పుస్తకాలు సర్దితే నెల్లాళ్ళు మాట్లాడేది కాదు. దాన్ని లా కాలేజీలో చేర్పించింది మా ఆయనే. "ఎలాగూ పోట్లాడుతుంది, నల్లకోటేసుకుని పోట్లాడనీ" అన్నాడు.

మా ఆయన మిల్లులో పనిచేసేవాడు. యూనియన్లో గొంతున్నవాడు. కోర్టు వీధిలో నాకో జిరాక్స్ షాపు ఉండేది, ఇప్పటికీ ఉంది. అగ్గిపెట్టెలాంటి గది, మిషన్ పెట్టాక ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళు వీధిలో నిలబడాల్సిందే. సమ్మె నడుస్తున్న రోజుల్లో మిల్లు మూసేశారు కాబట్టి ఆయన నాకు సాయంగా షాపులోనే ఉండేవాడు. ఆ మధ్యాహ్నం మిషన్లో కాగితం ఇరుక్కుంటే మూత తీసి లోపల చెయ్యి పెట్టి లాగుతున్నాడు. పోలీసుల జీపు వచ్చి ఆగింది. చేతులనిండా నల్లపొడి. "ఒక్క నిమిషమండీ, చేతులు కడుక్కుని వస్తాను" అన్నాడు. కడుక్కోనివ్వలేదు.

పట్టుకెళ్ళమన్నవాణ్ణి అందరూ పెద్దసారు అనేవాళ్ళు. నేను వాడనే అంటాను. పెద్దవాళ్ళని అలా అనకూడదని నాకు నీతులు చెప్పాలనుకునేవాళ్ళు దయచేసి నా షాపుకి రాకండి.

వాడి ఆఫీసు మూడంతస్తుల మేడ. గేటు దగ్గర కాళ్ళరిగేలా తిరిగాను. మొదట "ఇక్కడ లేడు" అన్నారు. తర్వాత "విచారించి వదిలేశాం, వెళ్ళిపోయాడు" అన్నారు. "ఎక్కడికి వెళ్ళాడు?" అంటే "మొగుడు ఎక్కడికెళ్ళాడో పెళ్ళానికే తెలియకపోతే మాకేం తెలుస్తుంది?" అని ఒకడు పళ్ళికిలించాడు. ఆ పళ్ళు నాకింకా గుర్తే.

కొన్నాళ్ళకి, ఆ జీపు నడిపిన డ్రైవరు లైసెన్సు కాపీ తీయించుకునే వంకతో షాపుకొచ్చాడు. వీధిలోకి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"అమ్మా, నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. సారు వీణ్ణి పైకి పంపించెయ్యండి అన్నారు. తెల్లారేసరికి అన్న పోయాడు."

అంతే. ఇంకేం అడుగుతాను? మిషన్ ఆపేసి స్టూలు మీద కూర్చున్నాను. అతను నీళ్ళిచ్చి, "నన్ను ఎక్కడ చెప్పమంటే అక్కడ చెబుతానమ్మా" అన్నాడు. అన్న మాట ప్రకారం చెప్పాడు కూడా, పాపం. ఉద్యోగం పోగొట్టుకుని మరీ చెప్పాడు.

ఇక్కడి కోర్టులు మా కేసుని గుమ్మం కూడా తొక్కనివ్వలేదు. అప్పుడే చదువు ముగించిన పేచీకి అరికాలి మంట నెత్తికెక్కింది. దేశాలన్నీ కలిసి పెట్టుకున్న కోర్టొకటి ఉందట, ఇంట్లో న్యాయం దొరకనివాళ్ళు అక్కడికి వెళ్ళొచ్చట. ఆ కోర్టు చట్టం చదువుకుంటానని సముద్రం దాటింది. వెళ్ళేముందు, "వదినా, నీకేం కావాలి? వాడికి ఉరా, జైలా?" అని అడిగింది.

"నలుగురి ముందూ వాడి నోటితో వాడు అనాలి, చంపించానని" అన్నాను. "ఆ తర్వాత వాణ్ణి ఏం చేసుకుంటారో చేసుకోండి."

"అయితే అనిపిస్తాను" అంది.

కొన్నేళ్ళు పట్టింది. ఆ కోర్టులో మా కేసు విచారణకి తీసుకోవాలా వద్దా అని తేల్చే రోజున డ్రైవరునీ నన్నూ పిలిపించింది. అంత పెద్ద గది నేనెప్పుడూ చూడలేదు. అద్దాల గదుల్లో కూర్చున్న అనువాదకులు ఎవరేం మాట్లాడినా వెంటనే ఇంకో భాషలోకి మార్చి చెబుతారు, మనం హెడ్‌ఫోన్స్‌లో వింటాం. నాకూ ఒకటిచ్చారు. డ్రైవరు బోనెక్కి మన భాషలో మొదలుపెట్టగానే, మనవాడి మాటకి ఇదెందుకని తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ముందు వరసలో పేచీ కూడా తీసి పక్కన పెట్టింది. డ్రైవరు ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు. సారు పైకి పంపించెయ్యమన్నారు, తెల్లారేసరికి అన్న పోయాడు. నేను కళ్ళు తుడుచుకున్నాను. పేచీ తలూపింది. మా ఇద్దరికీ అద్దంలా అర్థమైంది కాబట్టి "పైకి అంటే ఏంటి, పోయాడంటే ఏంటి" అని అడగాలన్న ఆలోచనే మాకెవరికీ రాలేదు. ఎలా వస్తుంది చెప్పండి? మన ఇళ్ళలో చావుని పేరుపెట్టి ఎవరంటారు?

తీర్పు వచ్చింది. బందీని పై అంతస్తుకి పంపించమని అధికారి చెప్పినట్టు, ఉదయానికల్లా బందీ అక్కడినుంచి వెళ్ళిపోయినట్టు సాక్షే స్వయంగా ఒప్పుకున్నాడట. కాబట్టి కేసు లేదట.

అంటే మా ఆయన శుభ్రంగా మేడెక్కి, హాయిగా పడుకుని, పొద్దున్నే లేచి షికారుకెళ్ళాడన్నమాట!

ఆ కోర్టు మెట్ల మీద నేను పెట్టిన శాపనార్థాలు ఏ అనువాదకుడి తరమూ కాదు. పేచీ మాత్రం తిన్నగా వెళ్ళి ఆ అనువాదం చేసిన కుర్రాణ్ణి వెతికి పట్టుకుంది. పరాయి దేశంలో పుట్టి, అమ్మమ్మ దగ్గర మన భాష నేర్చుకున్నవాడు. మాటలు నేర్పిన ఆ ముసలావిడ చావు మాటలు నేర్పకుండానే కన్నుమూసింది కాబోలు. జరిగింది తెలిసి వాడు భోరుమన్నాడు. వాడి చెంప పగలగొడదామని నేను చెయ్యెత్తితే పేచీ పట్టుకుని ఆపింది.

"వీణ్ణి కొట్టి ఏం లాభం వదినా? కొట్టాల్సినవాణ్ణి కొడదాం. మేడ మీదికి పంపించాడన్న అబద్ధం పోయేలా, నిజాన్ని వాడి నోటితోనే కక్కిస్తాను."

అదిగో, అక్కడినుంచి మొదలైంది ఇవాళ మీరంతా చెప్పుకునే ఆ పెద్ద లాయరు పేరు. ఎక్కడెక్కడి దేశాలో తిరిగింది. తగలబడిన ఊళ్ళ తరఫున వాదించింది, జైళ్ళలో మాయమైనవాళ్ళ తల్లుల తరఫున వాదించింది. ఏ కేసు పట్టినా ముందు సాక్షుల దగ్గరికి వెళ్ళదు, అనువాదకుల్ని కూర్చోబెట్టుకుని ఒకే మాట అడుగుతుంది. "మీ వాళ్ళు చావుని చావనకుండా ఏమేమంటారు?" వాళ్ళు ముందు నవ్వుతారట, తర్వాత ఒక్కొక్కటే చెబుతారట. ఒకచోట పిల్లలు నీళ్ళకెళ్ళారంటే మునిగిపోయారనట. ఇంకోచోట మనిషి బరువు దించుకున్నాడంటే కథ ముగిసినట్టట. నీళ్ళకెళ్ళిన పిల్లల కేసులో ఒక సైన్యాధికారిని పేచీ జైలుకి పంపించింది. పేపర్లన్నీ దాన్ని ఆకాశానికెత్తేశాయి.

నేను మాత్రం ఫోన్ చేసి దులిపేసేదాన్ని.

"ఊరందరి కేసులూ నెగ్గుతున్నావు గదే. మీ అన్నయ్య సంగతేంటి?"

"వస్తున్నా వదినా. చెయ్యి తిరగాలి."

"తిప్పుకో తిప్పుకో. ఈలోగా వాడు మనవల్ని ఎత్తుకుంటాడు."

నిజంగానే వాడికి ఏ లోటూ రాలేదు. ప్రమోషన్ల మీద ప్రమోషన్లు. పతకాలు. వాడి కారు మా వీధిలోంచి వెళ్ళినప్పుడల్లా నేను షాపు బయటికొచ్చి నిలబడి చూసేదాన్ని. నా చూపుకే గనక శక్తుంటే ఆ కారు అక్కడే తగలబడేది. డ్రైవరు మాత్రం గుండెజబ్బుతో మంచంపట్టి చనిపోయాడు. అతని సాక్ష్యం ఆ కోర్టు టేపులో మిగిలింది. అంతకన్నా ఏమీ మిగల్లేదు మాకు.

ఇంతలో వాడు రిటైరయ్యాడు. ఓ రోజు ఏం జరిగిందో తెలుసా? మా షాపుకే వచ్చాడు! పెన్షన్ ఆఫీసులో ఇవ్వడానికి, తాను బతికే ఉన్నానన్న సర్టిఫికెట్ కాపీలు కావాలట. చేతికర్ర, మెరిసే బూట్లు. నా మొహం వాడికి గుర్తే లేదు. అది చూసి నా ఒంటికి కారం రాసినట్టయింది. వీడు నా బతుకు బుగ్గి చేశాడు, కనీసం నన్ను గుర్తుపెట్టుకునే మర్యాద కూడా లేదా వీడికి?

"త్వరగా ఇవ్వమ్మా. మా అమ్మాయి దగ్గరికి ప్రయాణం పెట్టుకున్నాను" అని ఆ దేశం పేరు చెప్పాడు. "మా ఆవిడ కూడా లేదిప్పుడు. ఒక్కణ్ణీ ఇక్కడేం చేస్తాను?"

కాపీలు తీసి ఇచ్చాను. వాడు వీధి మలుపు తిరగ్గానే షట్టరు దించి పేచీకి ఫోన్ చేశాను. ఆ దేశం పేరు వినగానే ఎగిరి గంతేసింది. అక్కడి పోలీసులు ఆ పెద్ద కోర్టు మాట వింటారట. టేపుని మళ్ళీ వినిపించి, అనువాదం మీద అనుమానం చూపించి కేసు తిరగదోడతానంది. ఫోన్ పెట్టేసే ముందు, "వాడి పెళ్ళాం లేదన్నాడా?" అని మళ్ళీ అడిగింది. అవునన్నాను. అవతల ఏదో రాసుకుంటున్న చప్పుడైంది.

కూతురింట్లో కాలు మీద కాలేసుకుని కూర్చున్న వాణ్ణి పట్టుకున్నారు. ఆ వార్త చూసి నేను వీధిలో కనిపించినవాళ్ళందరికీ టీ పోయించాను.

విచారణ మాత్రం అనుకున్నంత తేలిక కాలేదు. మా తరఫున వచ్చిన భాషా పండితుడు "పైకి పంపించడమంటే చంపడమే" అన్నాడు. వాళ్ళ తరఫున ఇంకో పండితుడొచ్చి "మేడ మీదికి పంపించడమని కూడా అనొచ్చు" అన్నాడు. ఇద్దరూ నిజమే చెప్పారు, అదీ మా ఖర్మ. వాడి లాయరు మూడంతస్తుల మేడ ఫోటోలు చూపించాడు. పై గదిలో ఫ్యాన్లున్నాయట, మంచాలున్నాయట. అలసిపోయిన మనిషిని జాలితో విశ్రాంతికి పంపించారట! నా పళ్ళు పటపటలాడాయి. వాళ్ళు చెప్పినట్టే తేలితే మాకు ఇంకో అవకాశం లేదు. మేడ మెట్లెక్కినవాడిగానే మా ఆయన లెక్కల్లో ఉండిపోతాడు.

వాడు బోనెక్కిన రోజున పేచీ న్యాయమూర్తుల్ని ఒకటే కోరింది. ప్రశ్నలు మన భాషలో అడుగుతానని. ఎవరికీ అర్థం కాలేదు ఎందుకో. నేను ఈసారి హెడ్‌ఫోన్స్ ఒక చెవికి పెట్టుకుని, రెండో చెవి ఖాళీగా ఉంచుకున్నాను.

పేచీ గొంతులో తేనె కారింది. దాని గొంతు అంత మెత్తగా ఉండగలదని నాకు అంతవరకూ తెలియదు.

"ఇక్కడ ఎవరి దగ్గర ఉంటున్నారండీ?"

"మా అమ్మాయి దగ్గర."

"మీ శ్రీమతిగారు కూడా ఇక్కడే ఉన్నారా?"

"ఆవిడ పోయింది."

"ఎక్కడికి?"

వాడు కళ్ళు చిట్లించాడు. "పోయిందమ్మా."

"అదేనండీ, ఎక్కడికి పోయారు? ఎప్పుడొస్తారు? వస్తే ఆవిణ్ణి కూడా సాక్షిగా పిలిపిద్దామని."

వాడి లాయరు లేచి గొడవపెట్టాడు. పెద్ద న్యాయమూర్తి చెయ్యెత్తి ఆయన్ని కూర్చోబెట్టాడు. అప్పటికే వాడి మొహం కందగడ్డలా అయింది. బోను మీద గుద్దాడు.

"ఏంటా వెటకారం? పోయిందంటే చచ్చిపోయిందని! ఆ మాత్రం భాష రాదా నీకు?"

"అయ్యయ్యో, తెలియక అడిగాను. ఏమైందండీ ఆవిడకి?"

"ఏమవుతుంది? చిన్న ఆపరేషనన్నారు. చేతకాని డాక్టరు వెధవలు, బంగారంలాంటి మనిషిని పైకి పంపించేశారు!"

పేచీ బోను దగ్గరికి ఒక అడుగు వేసింది.

"ఎన్నో అంతస్తుకండీ?"

అద్దాల గదిలో అనువాదకురాలు వాక్యం మధ్యలో ఆగిపోయింది. "ముద్దాయి ఇప్పుడన్న మాటా, టేపులో ఉన్న మాటా ఒకటేనా?" అని పెద్ద న్యాయమూర్తి అడగడం నా చెవిలో మన భాషలో పడింది. "ఒకటే. చంపడమని అర్థం" అని ఆవిడ చెప్పింది. టేపు మళ్ళీ వేశారు. చచ్చిపోయిన డ్రైవరు గొంతు ఆ గదినిండా పరుచుకుంది. వాడు చెవులు మూసుకున్నాడు. "తియ్యండి చేతులు" అంది పేచీ. తేనె ఎక్కడికి పోయిందో! "మా అన్నయ్యని ఏం చెయ్యమన్నారు? ఇందాక మీ నోటితో అన్న అర్థంలోనే చెప్పండి."

చాలాసేపు నసిగాడు. లాయరు వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు. చివరికి, "పై నుంచి ఒత్తిడి ఉండేది. అందుకే చంపెయ్యమన్నాను" అన్నాడు.

అన్నాడు! నలుగురి ముందూ, వాడి నోటితో! నాకు లేచి చప్పట్లు కొట్టాలనిపించింది. వాడి కూతురు వెక్కివెక్కి ఏడుస్తూ నా వైపు చూసింది. వాళ్ళమ్మ చావుని అందరి ముందూ ఆరేశామని ఆ ఏడుపు. ఆరేశాం. మా ఇంటి చావుని వాళ్ళు మేడ మీది కునుకు చేశారు గదా. నాకు రవ్వంత జాలి కూడా కలగలేదు, కలిగిందని చెబితే అబద్ధమవుతుంది.

యావజ్జీవం వేశారు. బయట విలేకరులు మూగితే పేచీ, "ఇది పగ కాదు, న్యాయం" అంది. హోటల్ గదిలోకి రాగానే దాన్ని పట్టుకున్నాను.

"కోర్టులో వాడు చెప్పిన అబద్ధాలు చాలవనా, బయట నువ్వొకటి చెప్పావు?"

"వాళ్ళకి అలాగే చెప్పాలి వదినా."

"మరి నాకు?"

"నీకైతే పగే" అంది. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ అది ఉన్నట్టుండి మంచం అంచున కూర్చుండిపోయింది.

"వదినా, నీకెప్పుడూ చెప్పలేదు. ఆ మొదటి తీర్పు వచ్చినప్పటినుంచీ నాకో పిచ్చి ఆశ. ఒకవేళ వాళ్ళు రాసిందే నిజమేమోనని. అన్నయ్య నిజంగానే మేడ మీద పడుకుని, పొద్దున్నే గేటు దాటి ఎటైనా పారిపోయాడేమోనని. ఏ దేశం వెళ్ళినా జనంలో వెతికేదాన్ని. ఇవాళ నేనే అడిగి మరీ చంపించుకున్నాను."

ఛీ, ఏం మాటలే అవి అని కసురుకుందామనుకున్నాను. కసిరే అర్హత నాకెక్కడిది? ఎందుకంటే కోర్టు వీధిలో ఎంత ఇబ్బంది పడినా ఆ షాపు నేను వదలనిది కూడా అలాంటి ఆశతోనే. ఆయనకి తెలిసిన చోటు అదొక్కటే. తిరిగొస్తే అక్కడికే రావాలి.

వాడు జైల్లో రోజూ నిద్రలేవాలి, రోజూ ఆ గోడలే చూడాలి. అది నాకు కావాలి, ఇప్పటికీ కావాలి. మళ్ళీ మొదటినుంచీ చెయ్యమన్నా ఆ కేసు మళ్ళీ వేయిస్తాను. కానీ ఇన్నేళ్ళూ మా ఇంట్లో ఎవరూ ఆయన కోసం గొంతెత్తి ఏడవలేదు. శవం లేదు, ఏడుపూ లేదు. ఆ పరాయి గదిలో, గెలిచిన రోజున, పట్టపగలు వదినా ఆడపడుచులం ఒకరినొకరం పట్టుకుని గుండెలు బాదుకుని ఏడ్చాం.

ఎవరో తలుపు కొట్టారు. గదులు శుభ్రం చేసే అమ్మాయి, కంగారుగా ఏమైందని వాళ్ళ భాషలో అడిగింది. లోకంలో సగం భాషలు వచ్చిన మా పేచీకి ఆ క్షణంలో ఒక్కటీ గుర్తురాలేదు.

"మా అన్నయ్య చచ్చిపోయాడు" అంది, మన మాటల్లోనే.